తల్లికి వందనం: అనర్హుల జాబితాలో పేరు వస్తే అభ్యంతరం ఎలా పెట్టుకోవాలి

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా చదివే ఒక్కో విద్యార్థికి తల్లికి వందనం కింద ఏడాదికి 15,000 రూపాయలు కేటాయిస్తారు. అందులో బడి నిర్వహణకు 2,000 మినహాయించి మిగతా 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. ఇంతకుముందు అమ్మ ఒడి పథకం ఉన్నప్పుడు తల్లికి ఒక్క బిడ్డకే డబ్బు వచ్చేది. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఎందరు చదువుతుంటే అందరికీ ఇస్తున్నారు. తొలి ఏడాది లెక్క 67.27 లక్షల మంది విద్యార్థులు. అర్హత మాత్రం పిల్లల వారీగా కాదు, ఇంటి వారీగా చూస్తారు. ఇంట్లో ఒక్కరి పేరు మీద ఒక్క అడ్డంకి కనపడినా ముగ్గురు పిల్లల డబ్బూ, అంటే 39,000, ఒకేసారి ఆగిపోతుంది.

అర్హత తేల్చేది గ్రామ, వార్డు సచివాలయాల్లో అందరూ ‘సిక్స్ స్టెప్’ అనే తనిఖీ. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 మించకూడదన్నది నిబంధన. కూలికి వెళ్లే ఇంటి ఆదాయానికి రాతపూర్వక లెక్క ఎక్కడా ఉండదు. అందుకే ప్రభుత్వం కరెంటు, భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం లేదా రిటైరైన ఉద్యోగి పింఛను, పట్టణంలో ఇంటి విస్తీర్ణం రికార్డుల్లో మీ ఇంట్లో వాళ్ల ఆధార్ నంబర్లు ఉన్నాయేమో చూస్తుంది. అనర్హులైన వాళ్లలో నిజంగా ఉన్నవాళ్లూ ఉంటారు, రికార్డు తప్పుగా ఉన్నవాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్లు ముందు ఆ రికార్డున్న ఆఫీసులో తప్పు దిద్దించుకుని, ఆ కాగితంతో సచివాలయానికి వెళ్లాలి. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. రికార్డు మారకుండా అర్జీ పెడితే అదే కారణంతో మళ్లీ తిరిగొస్తుంది.

కారణం తెలుసుకోవడం మొదటి పని. సచివాలయంలో అంటించే జాబితాలో పేరు పక్కనే కారణం ఉంటుంది. ప్రభుత్వ సేవల కోసం పెట్టిన మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో తల్లి ఆధార్ ఇచ్చి స్టేటస్ చూడొచ్చు. ‘ఇనెలిజిబుల్’ అన్న మాట దగ్గర ఆగిపోకుండా ఎవరి ఆధార్ మీద, ఏ రికార్డులో పట్టుకుందో రాసుకోండి. కరెంటు అయితే సర్వీసు నంబరు, భూమి అయితే ఖాతా నంబరు కావాలి. అవి లేకుండా ఏ ఆఫీసుకెళ్లినా పని జరగదు.

ఎక్కువ తలనొప్పి కరెంటు దగ్గరే. నెలకు 300 యూనిట్లు దాటకూడదన్న హద్దు ఒక నెల బిల్లుకు సంబంధించింది కాదు, పన్నెండు నెలల సగటుది. పన్నెండు బిల్లుల యూనిట్లు కూడితే 3,600 దాటకూడదు. మే నెలలో 420 వచ్చినా చలికాలంలో 180 వస్తే సరిపోవచ్చు, కాబట్టి బిల్లులు ముందేసుకుని మీరే కూడి చూసుకోండి. లెక్క హద్దులోపే ఉన్నా అనర్హత వచ్చిందంటే మీ ఇంట్లో ఎవరి ఆధార్ కిందో ఇంకో మీటరు ఉండి ఉండొచ్చు. మూడు వాటాలు అద్దెకిచ్చిన యజమాని ఆధార్ మూడు సర్వీసులకూ ఉంటే మూడింటి యూనిట్లూ ఆయన ఇంటి లెక్కలో కలుస్తాయి. ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి మీటరుకు అద్దెకున్నవాళ్ల ఆధార్ అలాగే ఉండిపోవడమూ మామూలే. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పేరున అర్జీ రాసి, సర్వీసు నంబరు, ఆధార్ నకలు, అద్దె ఒప్పందం ఉంటే అదీ జతచేసి, ఆ మీటరు నుంచి మీ ఆధార్ తీసేయించుకోండి. అన్నదమ్ముల రెండు సంసారాలు ఒకే మీటరు మీద నడిచే చోట ఈ దారి పనికిరాదు. వేరే సర్వీసు పెట్టించుకోవాల్సిందే. పెట్టించినా సగటు పాత పన్నెండు నెలలది కాబట్టి ఫలితం వెంటనే కనపడదు. ఈ నిబంధనలో ఉమ్మడి కుటుంబానికి అన్యాయం జరుగుతోందన్నది కాదనలేని మాట. 290 యూనిట్లు కాల్చే చిన్న కుటుంబం గట్టెక్కుతుంది, 310 కాల్చే ఏడుగురి ఇల్లు ఆగిపోతుంది.

భూమి హద్దు మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు, రెండూ కలిసినా పదెకరాల లోపు. మీభూమి వెబ్‌సైట్లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీసి చూస్తే తప్పు తెలిసిపోతుంది. అమ్మేసిన పొలానికి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాకపోవడం, మెట్టను మాగాణిగా రాయడం, ఇంకొకరి ఖాతాకు మీ ఆధార్ ఎక్కడం, ఇవే తరచుగా కనపడేవి. మూడింటికీ తహసీల్దారు ఆఫీసే.

కారు విషయంలో టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. సొంత కారు అమ్మేసినా ఆర్‌సీ బదిలీ కాకపోతే రవాణా శాఖ లెక్కలో అది మీదే. ప్రభుత్వోద్యోగి నిబంధన నుంచి పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు ఉండాలి. కొలత తప్పని తోస్తే మున్సిపాలిటీలో ఆస్తి పన్ను అసెస్‌మెంటు నకలు తీసుకోండి.

ఆదాయపు పన్ను దగ్గర ఒక తేడా గుర్తుంచుకోవాలి. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. అడ్డంకి పన్ను కట్టడమే. బ్యాంకు లోను కోసమో, ముందే కోసేసిన పన్ను (టీడీఎస్) వెనక్కి తెచ్చుకోవడానికో రిటర్ను వేసిన వాళ్ల పేర్లు ఇందులో పడ్డాయనిపిస్తే, కట్టాల్సిన పన్ను సున్నా అని చూపే ఐటీఆర్ రసీదు జతచేయండి.

పన్ను కట్టే కొడుకు పెళ్లయి హైదరాబాద్‌లో వేరు కాపురం ఉంటున్నా హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ ఇంటివాళ్లో చూపే సచివాలయం రికార్డులో, తల్లిదండ్రుల ఇంట్లోనే కనపడుతుంటే, అదే ఇంట్లో ఉన్న చిన్న కోడలి పిల్లలకు డబ్బు ఆగిపోతుంది. అప్పుడు పన్ను కాగితాలతో పనిలేదు, కుటుంబాన్ని విడగొట్టించాలి. పెళ్లి ధృవపత్రం, భార్యాభర్తల ఆధార్‌లతో సచివాలయంలో అడగండి. వేలిముద్రతో చేసే ఈకేవైసీకి (ఆధార్ ధ్రువీకరణకు) మనిషి అక్కడ ఉండాలి కాబట్టి అబ్బాయి ఊరికొచ్చిన రోజు చూసుకోవడం మేలు.

కాగితాలన్నీ చేతికొచ్చాక సచివాలయంలో గ్రీవెన్స్ (అభ్యంతరం) పెట్టాలి. ఊళ్లో డిజిటల్ అసిస్టెంట్ గానీ వెల్ఫేర్ అసిస్టెంట్ గానీ నమోదు చేస్తారు. తల్లి ఆధార్, బిడ్డ ఆధార్, రైస్ కార్డు, దిద్దించిన రికార్డు నకలు ఇవ్వండి. కారణం గడిలో ‘అర్హురాలిని’ అని ఊరికే రాస్తే చాలదు. ‘ఫలానా సర్వీసు నంబరు నాది కాదు, ఫలానా తేదీన ఆధార్ తొలగించారు’ అని రాయించండి. రసీదు నంబరు లేకుండా కౌంటరు వదలొద్దు.

అర్హుల జాబితాలో పేరుండీ డబ్బు పడలేదంటే ఈ గొడవలేవీ కావు, బ్యాంకు సంగతి చూడాలి. మీరిచ్చిన పాస్‌బుక్కు ఏదైనా సరే, డబ్బు వెళ్లేది ఎన్‌పీసీఐలో (బ్యాంకుల చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ రికార్డులో) ఆధార్‌తో చివరగా లింకైన ఖాతాకే. అది ఎన్నడో తెరిచి మరిచిపోయిన ఖాతా కావచ్చు. ఆధార్ సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే బ్యాంకు పేరు తెలుస్తుంది. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన కూడా ఉంది, దానిమీద ఆగితే బడికే వెళ్లాలి.

సచివాలయంలో కదలిక లేకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయొచ్చు. లేదా సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, పాత రసీదు నంబరు రాసి, అర్జీ ఇవ్వొచ్చు.