నాగలి కట్టకముందే పెద్దవాళ్ల సూదులు

మృగశిర కార్తె జూన్ రెండో వారంలోపే వచ్చేస్తుంది. వరంగల్ చుట్టుపక్కల అప్పటికే పత్తి విత్తనం కొని పెట్టుకుంటారు, గుంటక చక్క చేయించుకుంటారు. ఇంట్లో పెద్దలకు ధనుర్వాతం సూది చివరిసారి ఎప్పుడు పడిందంటే మాత్రం ఎవరికీ గుర్తుండదు. ముఖ్యంగా మగవాళ్లకు. ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు ఏఎన్‌ఎం పిలిచి మరీ వేస్తుంది, మగవాళ్లను అట్లా పిలిచే వాళ్లు లేరు.

తుప్పు పట్టిన మేకు దిగితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. ఆ క్రిమి ఉండేది మట్టిలో, పెంటలో. పెంట తోలిన చేనులో పత్తి కట్టె మోడు అరికాల్లో దిగినా చాలు. పైకి చిన్నగా కనిపించే లోతు గాయమే ఎక్కువ చెడ్డది. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునే రోగం కాదు, కాబట్టి ఊరంతా వేయించుకున్నా మీ కాలికి రక్షణ రాదు.

ఇప్పుడు పాత ధనుర్వాతం సూది టీటీకి బదులు టీడీ ఇస్తున్నారు. అందులో కంఠసర్పికి కూడా రక్షణ ఉంటుంది. ఎన్నడూ వేసుకోనివాళ్లకు మూడు డోసులు: మొదటిది వేసిన నాలుగు వారాలకు రెండోది, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది. పూర్తయినవాళ్లకు పదేళ్లకోసారి బూస్టర్ చాలు. ఆర్నెల్లకోసారి పొడిపించుకోవాలనే మాట వినకండి. మట్టి పడ్డ గాయమైతే, చివరి డోసు పడి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. అసలు వేసుకోనివాళ్లకు గాయమయ్యాక ఒక్క సూదితో సరిపోదు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

జబ్బ నొప్పి, కొద్దిపాటి జ్వరం ఒకట్రెండు రోజులుంటాయి. నాట్లు మొదలయ్యాక కైకిలి పోతుందని వాయిదా వేసేది అందుకే. మే నెలలోనే కానిచ్చేయండి. వంకాయ, మాంసం మానేసే పథ్యమేమీ అక్కర్లేదు.

షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. వైరస్ మారుతుంటుంది కనుక అది ఏటా వేసుకోవాలి, పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

ఇంకొకటి. కుక్క కరిస్తే టీటీ వేయించుకుని ఇంటికొచ్చేవాళ్లున్నారు. టీటీ రేబిస్‌ను ఆపదు. పసుపు, కారం పెట్టకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే దవాఖానకు పోయి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చీటీ మీద రాసిన తేదీల్లో ఒక్కటి కూడా వదలొద్దు. కుక్క బాగానే తిరుగుతోంది కదా అని ఆ టీకాను వాయిదా వేయకండి.