నార్డిక్ వాకింగ్ ఎలా మొదలుపెట్టాలి? బరంపురం వీధి నుంచి గోపాల్‌పూర్ ఇసుక దాకా

నార్డిక్ వాకింగ్ అంటే రెండు చేతులా రెండు కర్రలు పట్టుకుని నడవడం. మా పెద్దమ్మ చేతికి మొదటిసారి ఈ కర్రలు ఇచ్చినప్పుడు ఆవిడ ముఖం చిన్నబోయింది. "నాకు అప్పుడే చేతికర్ర పట్టే వయసు వచ్చిందా?" అంది. మన ఇళ్లలో కర్ర అంటే ముసలితనం, ఊతం. అందుకే నడక నేర్పే ముందు ఆవిడకు చిలిక సరస్సులో పడవ ప్రయాణం గుర్తు చేశాను. రంభ దగ్గర నాటు పడవ నడిపే మనిషి గెడను పడవ ముందు గుచ్చి దాని మీద వాలిపోడు. పక్కన దించి వెనక్కి నెడతాడు, పడవ ముందుకు జారుతుంది. నార్డిక్ వాకింగ్ కూడా అంతే. కర్రతో నేలను వెనక్కి నెట్టాలి. ఈ ఒక్క సంగతి చేతికి పట్టుబడితే మిగతావి దాని వెంటే వస్తాయి.

ఈ నడకకు పుట్టిల్లు ఫిన్లాండ్. మంచు మీద కర్రలతో నెట్టుకుంటూ జారే అక్కడి స్కీయింగ్ క్రీడాకారులు, మంచు కరిగిన వేసవిలో ఒంటి పట్టు తప్పకుండా ఆ కర్రలతోనే నేల మీద నడిచేవారు. కేవలం నడక కోసం తయారైన కర్రలు 1997లో మార్కెట్లోకి వచ్చాక మామూలు జనం కూడా అందుకున్నారు. ఇందులో కాళ్లతోపాటు భుజాలు, జబ్బలు, వీపు కూడా పనిచేస్తాయి. అదే వేగంతో మామూలుగా నడిచినప్పటికంటే ఒంట్లో శక్తి సగటున 20 శాతం దాకా ఎక్కువ ఖర్చయిందని 2002లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. నడిచినవారికి మాత్రం అదనపు శ్రమ పెద్దగా తెలియలేదట.

గుండె జబ్బు, కళ్లు తిరగడం, ఈమధ్యే శస్త్రచికిత్స జరగడం వంటివి ఉంటే ముందు డాక్టరును అడగండి.

కర్రల ఎంపిక

నార్డిక్ కర్రలు కావాలంటే దుకాణంలో కొండలెక్కే ట్రెక్కింగ్ కర్రలు చూపించవచ్చు. చూడగానే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా పట్టీలో ఉంది. ట్రెక్కింగ్ కర్రకు మణికట్టు దగ్గర వదులుగా వేలాడే ఉచ్చు ఉంటుంది. నార్డిక్ కర్రకు బొటనవేలు దూర్చే రంధ్రంతో, వేళ్లు లేని చేతితొడుగులాంటి పట్టీ ఉంటుంది. కుడి, ఎడమలు వేరువేరు. పిడికిలి విప్పినా కర్ర జారిపోకుండా అరచేతితో నెట్టగలిగేది ఈ పట్టీ వల్లే. కర్ర కార్బన్‌దైతే తేలిక, అదురు తక్కువ. కానీ మొదటి జతకు అల్యూమినియం చాలు. డబ్బు మంచి పట్టీ మీద పెట్టండి.

పొడవుకు ఒక లెక్క ఉంది. మీ ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.68తో గుణించండి. పెద్దమ్మ ఎత్తు 154, లెక్క కడితే దాదాపు 105 వచ్చింది, అదే కొన్నాం. కర్రలు సాధారణంగా 5 సెంటీమీటర్ల తేడాతో దొరుకుతాయి. మీ లెక్క రెండింటి మధ్యలో పడితే కొత్తలో పొట్టిదే మేలు. బూట్లు వేసుకుని నిలబడి, మొన నేలకు ఆనించి పిడి పట్టుకోండి. మోచేయి ఇంచుమించు లంబకోణంలో ఉంటే సరిపోయినట్టే. బస్సులో తీసుకెళ్లేవారికి పొడవు తగ్గించుకునే రకం అనువు. దాని బిగింపు ప్రతిసారీ గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి.

కర్ర కొసన గట్టి కార్బైడ్ మొన ఉంటుంది. అది మట్టికి, ఇసుకకు. తారురోడ్డు మీద, సిమెంటు మీద దానిపై రబ్బరు తొడుగు వేయాలి. చిన్న బూటులా ఉండే ఆ తొడుగు ముక్కు వెనక్కి తిరిగి ఉండాలి. చాలామంది ముందుకు తిప్పి పెట్టి, కర్ర పట్టు దొరక్క జారుతోందని విసుగుపడతారు.

పిడికిలి విప్పడం

మొదటి రోజు ఊరు దాటి వెళ్లవద్దు. పట్టీలు తొడుక్కోండి, పిడులు మాత్రం పట్టుకోకండి. చేతులు వదులుగా వేలాడేసి, కర్రలను వెనక ఈడ్చుకుంటూ అయిదు నిమిషాలు నడవండి. కుడికాలితో ఎడమ చెయ్యి, ఎడమకాలితో కుడి చెయ్యి వాటంతట అవే ఊగుతాయి. ఆలోచించడం మొదలుపెడితే లయ తప్పుతుంది. అప్పుడు ఆగి, మళ్లీ ఈడ్చుకుంటూ మొదలుపెట్టండి.

లయ కుదిరాక, ముందుకు వచ్చిన చేతితో పిడిని తేలికగా పట్టుకోండి. మొన ముందున్న పాదానికీ వెనకున్న పాదానికీ మధ్యలో నేలను తాకాలి. కర్ర ఎప్పుడూ వెనక్కి వాలే ఉండాలి. అక్కడి నుంచి పట్టీ మీద బరువు పెట్టి తొడ దాటేదాకా నెట్టి, చివర వేళ్లు విప్పేయాలి.

పెద్దమ్మకు ఈ ఆఖరిదే రాలేదు. వేళ్ల కణుపులు తెల్లబడేలా పిడి బిగించి పట్టుకునేది. "పిడికిలి వదులు పెద్దమ్మా" అంటే "వదిలితే పడిపోదూ?" అనేది. చెప్పి లాభం లేదని నేను వెనక నడుస్తూ, ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి అయిదు వేళ్లూ కనిపించినప్పుడల్లా "అయిదు" అన్నాను. మొదట పది అడుగులకు ఒకసారి అన్నానేమో. కొబ్బరితోట చివరికి వచ్చేసరికి "అయిదు, అయిదు" అంటూ నాకే ఆయాసం వచ్చింది. మీరూ ఎవరినైనా వెనక నడవమనండి. తన వెనక ఏం జరుగుతోందో నడిచే మనిషికి తెలియదు.

ఊరి బయటికి

ఒడిశాలోని మా బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రతీరం సుమారు 15 కిలోమీటర్లు. మే నెలలో ఇటువైపు 5 గంటల ప్రాంతానికే తెల్లవారిపోతుంది. 7 అయ్యేసరికి ఎండ, ఉక్కపోత తట్టుకోలేం, కాబట్టి వెలుగు రాగానే మొదలుపెట్టి త్వరగా ముగించండి. నీళ్లసీసా నడుముకు కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

పొడి ఇసుకలో కాలు కూరుకుపోతుంది. అల వెనక్కి తగ్గాక తడిసి గట్టిపడిన ఇసుక మీద, రబ్బరు తొడుగులు తీసేసి నడవండి. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒకవైపే నడిస్తే ఒక కాలి మీద భారం పడుతుంది. వెళ్లినంత దూరం తిరిగి అదే దారిలో రండి. అక్కడి కెరటాలు బలమైనవి, నీళ్లలోకి దిగి నడవవద్దు.

ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నాను. గోపాల్‌పూర్‌కు ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేల సంఖ్యలో ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి, పిల్లలు బయటికి రావడానికి మరో నెలన్నర పైనే పడుతుంది. ఆ రోజుల్లో ఆ తీరానికి కర్రలు తీసుకెళ్లకండి. పైకి ఇసుకే కనిపిస్తుంది, మొన ఒక్క పోటు చాలు.

పర్లాకిమిడి, కోరాపుట్ వైపు వారికి కొండదారులు ఉన్నాయి. ఎక్కేటప్పుడు ఒళ్లు కాస్త ముందుకు వంచి బలంగా నెట్టండి, దిగేటప్పుడు మోకాళ్లు సడలించి అడుగు చిన్నది చేయండి. లారీలు తిరిగే ఘాట్ రోడ్డు మాత్రం వద్దు. వీధి కుక్కలు ఎదురైతే కర్రలు పైకెత్తకుండా రెండూ కలిపి ఒంటికి ఆనించుకుని నెమ్మదిగా దాటండి.

తిరిగి వచ్చాక

చివరి అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిచి, తర్వాత గోడకు చేతులు ఆనించి ఒక్కో పిక్కను అర నిమిషం సాగదీయండి. అలాగే చెయ్యి ముందుకు చాచి, రెండో చేత్తో వేళ్లను వెనక్కి వంచి ముంజేతిని సాగదీయండి. కొత్తలో జబ్బల వెనక, భుజాల కింద నొప్పి మర్నాడో ఆ మర్నాడో వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. అది కండరం అలవాటుపడే నొప్పి. మోచేయి పక్కన గుచ్చినట్టు ఉంటే మాత్రం పిడి బిగించి పట్టుకుంటున్నారని అనుమానించండి. బొటనవేలి సందులో బొబ్బ లేస్తే పట్టీ సర్దుకోవాలి. తగ్గని నొప్పిని డాక్టరుకు చూపించండి.

మొదటి నెల వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 20 నుంచి 30 నిమిషాలు చాలు. వచ్చాక మా ఇంట్లో మజ్జిగ, లేదా పొరుగు ఒడియా వారి పఖాళ అనే చద్దన్నం. దాని పులిసిన నీళ్లలో ఉప్పు వేసుకుంటే చెమటలో పోయింది కొంత తిరిగి వస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి.

సముద్రం దగ్గర నుంచి వచ్చిన రోజు కర్రలను మంచినీళ్లతో కడగండి. పొడవు మార్చుకునే రకమైతే భాగాలు విడదీసి, లోపలి ఇసుక దులిపి, నీడలో ఆరనిచ్చాకే మళ్లీ బిగించండి. ఉప్పునీరు లోపల ఉండిపోతే బిగింపు పట్టేస్తుంది.