రోగి మనసుకు నర్సు తోడు – 4వ పాఠం: ఆపరేషన్ ముందు రాత్రి

పోయిన పాఠంలో రోగి మాటకు అడ్డు రాకుండా వినడం సాధన చేశాం. ఈసారి ఆ పనిని నైట్ డ్యూటీలో చేద్దాం.

సర్జికల్ వార్డు, రాత్రి పది గంటలు. పొద్దున గర్భసంచి ఆపరేషన్ ఉన్న ఒక పెద్దావిడ మంచం మీద కూర్చునే ఉన్నారనుకోండి. "నిద్ర పట్టట్లేదు సిస్టర్, ఏదో గాభరాగా ఉంది" అన్నారు.

మనలో చాలామందికి నోటికి ముందొచ్చే మాట "ఏం కాదమ్మా, భయపడకండి". మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ మాటతో ఆవిడ నోరు మూతపడుతుంది. భయం దేనికో మనకు తెలియకుండానే పోతుంది. పైగా "ఏం కాదు" అని హామీ ఇవ్వడం మన చేతుల్లో లేదు.

అసలు ముందు మాట కాదు, నాడి. బీపీ, ఆక్సిజన్ చూడండి. షుగర్ వ్యాధి ఉన్నవారైతే గ్లూకోమీటర్ తీయండి. షుగర్ పడిపోయినా గాభరా, చెమటలు, గుండెదడ ఇలాగే వస్తాయి. ఆక్సిజన్ తగ్గినా మనిషి కుదురుగా ఉండలేరు. ఇవేవీ చూడకుండా "టెన్షన్" అని రాసి ఊరుకోవడం ప్రమాదం.

అన్నీ సరిగా ఉంటే, గాభరా ఎంతుందో అంచనా వేయాలి. నర్సు, రోగి మధ్య సంబంధం మీద 1952లో పుస్తకం రాసిన అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ ఆందోళనను నాలుగు మెట్లుగా చెప్పారు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, పానిక్. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసే జాబితా ఇది. వార్డులో పనికొచ్చే సంగతి మాత్రం ఒకటుంది. మెట్టు పెరిగేకొద్దీ మనిషికి చెప్పింది ఎక్కడం తగ్గిపోతుంది. మొదటి రెండు మెట్లలో వివరంగా చెప్పవచ్చు. తీవ్రంగా ఉంటే చిన్న మాటలు, ఒకసారికి ఒక్కటే విషయం. పానిక్‌లో వివరణలు వద్దు. పక్కనే ఉండి, గొంతు తగ్గించి మాట్లాడుతూ, డ్యూటీ డాక్టర్‌ను పిలిపించండి. ఏ మెట్టో తేల్చుకోలేకపోతే, మీరు చెప్పింది ఆవిడనే మళ్లీ చెప్పమనండి. తెలిసిపోతుంది.

ఇక ప్రశ్న. "భయంగా ఉందా?" అంటే "లేదు సిస్టర్" అనేస్తారు, ముఖ్యంగా కొడుకు పక్కనుంటే. మన వార్డుల్లో రోగి కంటే ముందు అటెండరే జవాబు చెప్తారు కదా! అబ్బాయిని టీ తాగి రమ్మనండి. స్టూల్ లాక్కుని కూర్చుని అడగండి.

"అన్నిటికంటే దేని గురించి ఎక్కువ ఆలోచన వస్తోందమ్మా?"

"నడుముకు సూది ఇస్తారంట. మధ్యలో మెలకువ వస్తేనో?"

చూశారా, అసలు భయం ఇదీ. కత్తి గురించి ఆవిడకు బెంగే లేదు. కేస్ షీట్‌లో స్పైనల్ (నడుముకు సూదితో ఇచ్చే మత్తు) అనే ఉందో లేదో చూసుకుని చెప్పండి: "ఆ మత్తులో మెలకువగానే ఉంటారమ్మా. తాకినట్టు, లాగినట్టు తెలియవచ్చు. నొప్పి అనిపిస్తే వెంటనే చెప్పండి, మత్తు డాక్టర్ మీ తల దగ్గరే ఉంటారు." తర్వాత కాసేపు మాట్లాడకండి. ఇంకేమైనా ఉంటే ఆ గ్యాప్‌లోనే బయటికొస్తుంది.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఆపరేషన్‌లో ఉండే రిస్కులు వివరించడం డాక్టర్ పని. అలాంటి సందేహం వస్తే డాక్టర్‌కు చెప్పాలి. "నాకు ఆపరేషన్ వద్దు" అంటే, సంతకం అయిపోయినా సరే, మనం బుజ్జగించి ఒప్పించకూడదు. వెంటనే సర్జన్‌కు తెలియజేయాలి.

రికార్డులో రోగి మాటలే రాయండి. "పేషెంట్ టెన్షన్‌గా ఉన్నారు" అంటే పొద్దున డ్యూటీకి వచ్చేవారికి ఏమీ తెలియదు. "మత్తు మధ్యలో మెలకువ వస్తుందేమోనని భయంగా ఉందన్నారు. 10:20కి వివరించాం. నాడి 104 నుంచి 88కి వచ్చింది. మత్తు డాక్టర్‌కు చెప్పాం" అని ఉంటే థియేటర్ వాళ్లకూ పనికొస్తుంది.

ఈ వారం సాధన: డ్యూటీకి ఒక రోగి దగ్గర "ఏం కాదు" అనే మాట వాడకుండా, "దేని గురించి ఎక్కువ ఆలోచన వస్తోంది?" అన్న ప్రశ్నను మీ యాసలో అడగండి. వచ్చిన జవాబును పేరు లేకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి.

వచ్చే పాఠం కొంచెం బరువైనది: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని రోగిని సూటిగా ఎలా అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం ఉంటే, అది అపోహే. ఈలోగా ఉచితంగా 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416ను డ్యూటీ రూమ్ గోడ మీద రాసి పెట్టండి. తెలుగులోనూ మాట్లాడతారు.