‘స్టిల్’ అనే ఇంగ్లిష్ మాటను సరిగ్గా వాడటం ఎలా?

తెలుగులో ‘ఇంకా’ ఒక్కటే నాలుగు చాకిరీలు చేస్తుంది: ఇంకా నిద్రపోతోంది, ఇంకా రాలేదు, ఇంకా రెండు ఇడ్లీలు, ఇంకేం కావాలి? ఇంగ్లిష్‌లో వీటికి స్టిల్, యెట్, మోర్, ఎల్స్ అని వేర్వేరు మాటలున్నాయి. అన్నింటికీ ‘స్టిల్’ పెట్టేయడంతోనే చిక్కు మొదలవుతుంది.

1. ముందు ‘ఇంకా’ తీసి ‘ఇప్పటికీ’ పెట్టి చూడండి. ‘ఆయన ఇప్పటికీ గుంటూరులోనే ఉంటున్నారు’ కుదిరింది కాబట్టి స్టిల్ వాడొచ్చు. ‘ఇప్పటికీ రెండు ఇడ్లీలు వేయండి’ అనలేం కదా, అక్కడ ‘టూ మోర్’.

2. తర్వాత చోటు చూసుకోండి. మామూలుగా క్రియకు ముందు: ‘హీ స్టిల్ లివ్స్ ఇన్ గుంటూర్’. యామ్, ఈజ్, ఆర్, వాజ్ ఉంటే వాటి వెనక: ‘షీ ఈజ్ స్టిల్ స్లీపింగ్’. డోంట్, హాజంట్ లాంటివి వస్తే వాటికి ముందు: ‘ఐ స్టిల్ డోంట్ నో’.

3. ఎక్కువ మంది బోల్తా పడేది ‘అతను ఇంకా రాలేదు’ దగ్గర. ‘స్టిల్ హీ డిడ్ నాట్ కమ్’ అనేస్తారు. వాక్యం మొదట్లో నిలబడ్డ స్టిల్‌కు సాధారణంగా ‘అయినా’ అని అర్థం. అంటే వినేవాళ్లకు ‘ఎంత పిలిచినా రాలేదు’ అన్నట్టు తోస్తుంది. ఊరికే సంగతి చెప్పాలంటే ‘హీ హాజంట్ కమ్ యెట్’. ఎదురుచూసి విసుగొస్తే ‘హీ స్టిల్ హాజంట్ కమ్’. ఈ రెండో వాక్యంలో కాస్త చిరాకు వినిపిస్తుంది, పై అధికారితో మాట్లాడేటప్పుడు జాగ్రత్త.

4. స్టిల్ క్రియ వెనక్కి వెళ్తే ‘కదలకుండా’ అని. ‘షీ ఈజ్ స్టిల్ సిట్టింగ్’ అంటే ఇంకా కూర్చునే ఉంది. ‘షీ ఈజ్ సిట్టింగ్ స్టిల్’ అంటే కదలకుండా కూర్చుంది. మనం సినిమా స్టిల్స్ అనేదీ ఈ అర్థంలోనే, కదలని బొమ్మలు. విదేశాల్లో హోటల్లో ‘స్టిల్ ఆర్ స్పార్క్‌లింగ్?’ అని అడిగితే, గ్యాస్ లేని నీళ్లకు స్టిల్ అనండి.

5. పోలికలో మాత్రం ‘ఇప్పటికీ’ పరీక్ష పనికిరాదు. ‘నిన్న చలి, ఇవాళ ఇంకా చలి’ అనడానికి ‘కోల్డర్ స్టిల్’ అని చివర పెట్టండి. మాటల్లో ‘ఈవెన్ కోల్డర్’ ఇంకా తేలిక.

నిఘంటువులో ఇదే మాటకు సారా బట్టీ అని కనిపిస్తే కంగారుపడకండి. అది డిస్టిల్‌కు, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టడం అనే మాటకు చుట్టం, దీనికి కాదు.