కృష్ణ మీద మంచు దిగాలంటే

చలికాలం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ నుంచి ఎగువకు చూస్తే భవానీ ద్వీపం సగం చెరిపేసినట్టు ఉంటుంది. నీటిరంగుల్లో ఆ మసక కోసం తెల్లరంగు కలపకండి, సుద్దలా తేలుతుంది. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్‌ట్ సియెనా (ఎర్రమట్టి గోధుమ రంగు) కలిపి, నీళ్లు ధారాళంగా పోసి గరుకు కాగితం మీద పరచండి. నీలం రేణువులు కాగితపు గుంటల్లో ఒండ్రులా దిగి, పొగమంచును వాటంతట అవే వేస్తాయి. థాలో నీలానికి ఈ గుణం లేదు. అది మరకలా పట్టేస్తుంది.

అసలు చిక్కు మన బెజవాడ ఎండతోనే. రేణువులు దిగేలోపే కాగితం ఆరిపోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాగితాన్ని వెనకవైపు కూడా తడపండి, ఫ్యాను ఆపండి (ఉక్కపోత తప్పదు). ఆరేదాకా కుంచె తాకించవద్దు. ఇంద్రకీలాద్రిని ‘ఇంకొంచెం’ దిద్దబోయి నేను బురదగుట్ట చేశాను.