ఎక్సెల్ పాఠాన్ని తేదీలతో మొదలుపెట్టండి

అనంతపురం ప్రాంతంలో పంటల సర్వేలు చేసే పరిశోధక విద్యార్థులకు ఎక్సెల్ నేర్పేవారు ఫార్ములాలతోనో గ్రాఫులతోనో కాక, తేదీల నమోదుతో పాఠం మొదలుపెడితే మేలు. ఉరవకొండలో ఒక రైతు వేరుశనగ విత్తిన రోజును 6/7/2023 అని రాస్తే, భారతీయ సెట్టింగులున్న కంప్యూటరు దానిని జూలై 6గానూ, అమెరికా సెట్టింగులున్నది జూన్ 7గానూ చదువుతుంది. రెండూ ఖరీఫ్ విత్తు కాలంలోనే పడతాయి కనుక పొరపాటు కంటికి ఆనదు. అదే 13/7/2023 అయితే అమెరికా సెట్టింగులో తేదీగా మారక, గడిలో ఎడమవైపుకు అంటుకొని ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. అలా దొరికిపోవడం ఒక విధంగా అదృష్టమే. కాబట్టి సంవత్సరం, నెల, రోజులను 3 వేర్వేరు నిలువు వరుసల్లో రాయించండి. లేదా వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి, తేదీలు రాయడానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 ప్రకారం 2023-07-06 అని రాయించండి.

పంట ఎండిన పొలాల గడులకు పసుపు రంగు పూసే అలవాటును కూడా మాన్పించాలి, ఎందుకంటే ఫైలును కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల రూపమైన సీఎస్‌వీగా భద్రపరచగానే రంగులన్నీ పోతాయి. గ్రామాల పేర్లు తెలుగులో ఉంటే, అన్ని భాషల లిపులనూ నిలిపే సీఎస్‌వీ యూటీఎఫ్-8 రకాన్నే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీలో అవి ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతాయి.