వానాకాలంలో టైటానియా నానోగొట్టాల తయారీ: ప్రయోగశాలలో పాటించాల్సిన జాగ్రత్తలు

సౌరఘటాల కోసం టైటానియం రేకు మీద టైటానియా (టైటానియం ఆక్సైడ్) నానోగొట్టాల, అంటే కంటికి కనిపించనంత సన్నని గొట్టాల, వరుసలను పెంచే పని ఏడాది పొడవునా చేయదగ్గదే అయినా, హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా దానికి అదనపు జాగ్రత్త అవసరం. రేకును ఇథిలిన్ గ్లైకాల్ అనే ద్రవంతో చేసిన ద్రావణంలో ముంచి కరెంటు పంపితే గొట్టాలు పెరుగుతాయి. ఆ ఇథిలిన్ గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తరువాత పూతకు వాడే టైటానియం టెట్రాక్లోరైడ్ ఆ తేమ తగలగానే పొగలు కక్కుతుంది, ఉరుముల వాన మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

అన్నిటికంటే ముందు ఫ్లోరైడ్ సంగతి చూడాలి. ఫ్లోరైడ్ అనగానే మనవారికి నల్లగొండ నీళ్లు గుర్తుకువస్తాయి. అది ఏళ్ల తరబడి తాగితే ఎముకలను వంచే ముప్పు. ఇక్కడిది గంటల్లో తేలే వ్యవహారం. ద్రావణంలో కలిపే అమోనియం ఫ్లోరైడ్ చూడటానికి ఉప్పులాగే ఉంటుంది గాని, ఆమ్లం తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది పలుచగా ఉన్నప్పుడు చర్మంపై పడిన వెంటనే మంట తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి, శరీరంలోని కాల్షియాన్ని పట్టుకున్నాక, కొన్ని గంటలకు నొప్పి బయటపడుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు. అందుకే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేచోట ఉందో లేదో, దాని గడువు తేదీ దాటిందో లేదో చూడకుండా పని మొదలుపెట్టకూడదు. చుక్క పడితే చేతితొడుగు తీసేసి ధారగా నీళ్లతో కడిగి, జెల్ రుద్దుతూ ఆసుపత్రికి బయలుదేరాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. డాక్టరుకు ‘యాసిడ్ పడింది’ అని కాక ‘ఫ్లోరైడ్ పడింది’ అని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చికిత్స వేరు. పలుచని నైట్రైల్ తొడుగులు ఒకదానిమీద ఒకటి రెండు వేసుకోవడం, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవడం, గాజు బీకర్లకు బదులు పాలీప్రొపిలీన్ లేదా టెఫ్లాన్ పాత్రలు వాడటం తప్పనిసరి. ఫ్లోరైడ్ గాజును తినేస్తుంది.

ద్రావణంలో సాధారణంగా బరువులో 0.3 శాతం అమోనియం ఫ్లోరైడ్, ఘనపరిమాణంలో 2 శాతం నీరు ఉంటాయి. వానాకాలంలో మూత తీసి ఉంచిన పాత్రలో ఆ 2 శాతం నిలవదు. నీరు పెరిగితే ఆక్సైడ్ త్వరగా కరిగిపోయి గొట్టాలు పొట్టిగా, గోడలు గరుకుగా వస్తాయి. ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలుపుకొని, అమోనియం ఫ్లోరైడ్‌ను సిలికాజెల్ ఉన్న డెసికేటరులో (తేమ చేరని మూతపాత్రలో) దాచాలి. మామూలుకన్నా విద్యుత్ ప్రవాహం ఎక్కువగా కనిపిస్తే మొదట తేమనే అనుమానించాలి.

రేకుకు ఇచ్చే 60 వోల్టుల డీసీని తేలిగ్గా తీసుకోకూడదు, తడి చేతులకు అది చాలు. కరెంటు పోయినప్పుడు సప్లై స్విచ్ ఆపేసిన తరువాతే రేకును ముట్టుకోవాలి, లేకుంటే కరెంటు తిరిగి వచ్చిన క్షణాన చెయ్యి పాత్రలోనే ఉండవచ్చు. కాథోడ్ (రుణధ్రువం) దగ్గర హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఫ్యూమ్ హుడ్ (వాయువులను బయటికి లాగేసే గూడు) నడుస్తూ ఉండాలి.

పెరిగిన గొట్టాలను నీటితో కడిగి అలాగే ఆరబెడితే, ఆరే నీరు వాటిని గుత్తులుగా లాగి పగుళ్లు తెస్తుంది. ఇథనాల్‌తో కడగడం మేలు. అయితే ఇథనాల్ పూర్తిగా ఆరనిదే రేకును కొలిమిలో పెట్టకూడదు. 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపితే స్ఫటిక రూపం లేని ఆక్సైడ్ అనటేస్ అనే స్ఫటిక రూపంలోకి మారుతుంది, వేడి మరీ పెంచితే రూటైల్ అనే మరో స్ఫటిక రూపం మొదలవుతుంది. వెలుగును పీల్చుకునే రంగు (డై) పట్టించే ముందు చేసే టైటానియం టెట్రాక్లోరైడ్ పూతను వాన కురుస్తున్న రోజున వాయిదా వేయడమే నయం. తప్పనిసరైతే హుడ్ లోపల, మంచులో చల్లార్చిన నీటిలోకి చుక్కచుక్కగా కలపాలి. సీసా మూత తీసినప్పుడు వచ్చే తెల్లని పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది.

వాడిన ద్రావణం సింకులో పోయడానికి వీల్లేదు. లెక్క చూస్తే దాని లీటరులో సుమారు 1.7 గ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే తాగునీటికి గరిష్ఠంగా అనుమతించే 1.5 మిల్లీగ్రాములకు వెయ్యి రెట్లకు పైగా. దాన్ని మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో, పేరు, తేదీ రాసి ప్రమాదకర వ్యర్థాల వారికి అప్పగించాలి. ఆ సీసాలోకి ఆమ్ల వ్యర్థం ఒక్క చుక్క కూడా చేరకుండా చూడాలి.